డామా సిగ్నల్ ఇన్నేళ్ళుగా ఉందంటున్నారు, అదే క్రిస్టల్‌తో వేరేవాళ్ళు చూస్తే ఎందుకు లేదు?

ఎమ్మెస్సీ_వైజాగ్:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ నేను, సెమినార్‌కి డార్క్ మేటర్ డైరెక్ట్ డిటెక్షన్ టాపిక్ తీసుకున్నాను. 1933లో జ్వికీ కోమా క్లస్టర్ గురించి చెప్పింది, తర్వాత వెరా రూబిన్ గెలాక్సీలు తిరిగే స్పీడు కొలిచింది, ఇదంతా బాగానే అర్థమైంది. విశ్వంలో ఉన్న పదార్థంలో ఆరింట ఐదు వంతులు మనకి కనపడనిదే అన్నదాకా ఓకే.

ఇరుక్కుపోయింది డామా దగ్గర. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద సోడియం అయొడైడ్ క్రిస్టల్స్ పెట్టుకుని 1990ల నుంచీ ఏళ్ళ తరబడి చూశారు, ప్రతి ఏడాదీ మే నెలాఖరు జూన్ మొదట్లో కౌంట్లు కొంచెం పెరుగుతాయి డిసెంబర్ వైపు తగ్గుతాయి, ఇది డార్క్ మేటర్ వల్లే అని వాళ్ళు అంటున్నారు, 2018లో ఇచ్చిన లెక్క 12.9 సిగ్మా. హిగ్స్ బోసాన్‌కి ఐదు సిగ్మా వస్తే దొరికేసింది అని ప్రకటించారు కదా మరి 12.9 వచ్చినా ఎందుకు ఎవరూ ఒప్పుకోవట్లేదు?

ఇంకోటి, స్పెయిన్‌లో అనాయిస్, కొరియాలో కొసైన్ అని రెండు గ్రూపులు అచ్చం అదే సోడియం అయొడైడ్‌తో చూస్తే ఏమీ రాలేదట. మరి డామాలో ఊగుతున్నది ఏంటి? ఎండాకాలం చలికాలం తేడా వల్ల వచ్చేదేనా? గైడ్ గారిని అడిగితే "అది వివాదంలో ఉంది, ఒక స్లైడ్ పెట్టి వదిలెయ్" అన్నారు. నాకు వదిలెయ్యాలని లేదు, అసలు ఈ మొత్తం కథలో అదే ముఖ్యం అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

సింటిలేటర్_అక్క:

మంచి ప్రశ్న తమ్ముడూ, వదలకు. నేను పీహెచ్‌డీ ఈ తరహా క్రిస్టల్స్ మీదే చేశాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు సిగ్మా సంగతి. 12.9 సిగ్మా అంటే "ఈ ఊగడం ఊరికే అదృష్టవశాత్తూ వచ్చింది కాదు" అని మాత్రమే. ఆ ఊగేది ఏంటో సిగ్మా చెప్పదు. డామా డేటాలో ఏడాదికోసారి ఊగేది ఒకటి ఉంది, దాన్ని ఎవరూ కాదనట్లేదు, గొడవంతా కారణం దగ్గర. హిగ్స్‌కి అట్లాస్, సీఎంఎస్ అని వేరువేరు డిటెక్టర్లు రెండూ ఒకే చోట బంప్ చూశాయి, ఇక్కడ మాత్రం రెండో డిటెక్టర్‌లో రావట్లేదు. తేడా అది.

అసలు ఐడియా 1986లో డ్రూకియర్, ఫ్రీస్, స్పెర్గెల్ రాసిన పేపర్‌లోది. సూర్యుడు గెలాక్సీ చుట్టూ సెకనుకి సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు, డార్క్ మేటర్ మేఘం మాత్రం మొత్తంగా అలా తిరగట్లేదు అనుకుంటాం, కాబట్టి మనకి ఎదురుగా ఒక గాలి వీస్తున్నట్టు ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు, కానీ కక్ష్య సుమారు 60 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి అందులో సగం, అంటే 15 మాత్రమే ఆ దిశలో లెక్కకొస్తుంది. జూన్ మొదట్లో అది కలుస్తుంది, డిసెంబర్‌లో తీసివేత. 245కీ 215కీ ఉన్న తేడా అన్నమాట. దాంతో తగిలే పార్టికిల్స్ రేటు కొద్ది శాతం మారాలి.

ఆ పార్టికిల్ వచ్చి సోడియం కేంద్రకాన్నో అయొడిన్ కేంద్రకాన్నో గుద్దితే అది కొంచెం కదులుతుంది, ఆ శక్తి క్రిస్టల్‌లో చిన్న మెరుపుగా మారుతుంది. థాలియం కొద్దిగా కలిపితేనే అది మనం చూడగలిగే వెలుగు అవుతుంది. క్రిస్టల్‌కి అటూ ఇటూ ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు, మనం పీఎంటీ అంటాం, అవి ఒక్కో ఫోటాన్‌ని లెక్కపెడతాయి. హాస్పిటల్లో థైరాయిడ్ స్కాన్ తీసే గామా కెమెరాలో ఉండేది కూడా ఈ క్రిస్టలే, కాకపోతే అక్కడ చూసేది వంద కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, శక్తికి కొలత) దాటిన గామాలు, ఇక్కడ రెండు నుంచి ఆరు కేఈవీ మధ్య. అంత కింద పీఎంటీ తనంతట తాను చేసే శబ్దం కూడా సిగ్నల్ లాగే కనిపిస్తుంది, ఏది మెరుపో ఏది నాయిస్సో పల్స్ ఆకారం చూసి ఏరుకోవాలి. నా పీహెచ్‌డీలో ఎక్కువ కాలం పట్టింది ఈ ఏరుకోవడానికే.

ఇక అసలు కష్టం శుభ్రత. పైన నేల మీద అయితే మన అరచేతిలోంచి సెకనుకి ఒకటి రెండు మ్యువాన్లు (కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే కణాలు) దూసుకుపోతుంటాయి. గ్రాన్ సాసోలో 1400 మీటర్ల రాయి కింద అది పది లక్షల వంతుకి తగ్గి చదరపు మీటరుకి గంటకి ఒకటి దగ్గరికి వస్తుంది. కానీ క్రిస్టల్ లోపలే ఉన్న మలినాన్ని కొండ ఆపలేదు కదా. పొటాషియం రసాయనికంగా సోడియానికి అన్నదమ్ముడు, పౌడర్‌లోంచి దాన్ని పూర్తిగా తీయడం చాలా కష్టం. పొటాషియం-40 విచ్ఛిన్నమైనప్పుడు కొన్నిసార్లు 1461 కేఈవీ గామా, దాంతోపాటు 3 కేఈవీ దగ్గర చిన్న శక్తి వస్తాయి. గామా క్రిస్టల్ దాటి బయటికి పారిపోతే లోపల మిగిలేది ఆ 3 కేఈవీ ఒక్కటే, సరిగ్గా డామా సిగ్నల్ చూసే కిటికీ మధ్యలో! అందుకే ఇందులో పనిచేసేవాళ్ళు పొటాషియం వంద కోట్లకి ఎన్ని పాళ్ళు ఉంది అని పీపీబీల్లో కొట్టుకుంటారు. కొసైన్ వాళ్ళు తమ ఎనిమిది క్రిస్టల్స్‌నీ సుమారు 2,000 లీటర్ల లిక్విడ్ సింటిలేటర్‌లో ముంచి పెట్టారు, పారిపోయిన గామా అందులో మెరుస్తుంది, దానితో జతగా వచ్చిన 3 కేఈవీ ఈవెంట్‌ని తీసేస్తారు. నాకు ఈ డిజైన్ చాలా ఇష్టం.

అది కాక లెడ్-210 ఉంది, గాల్లో ఉండే రాడాన్ నుంచి వచ్చి క్రిస్టల్ మీద, లోపల కూర్చుంటుంది, సగం ఆయుష్షు 22 ఏళ్ళు కాబట్టి ఎక్స్‌పెరిమెంట్ అయ్యేదాకా పోదు. క్రిస్టల్ నేల మీద ఉన్న రోజుల్లో కాస్మిక్ కిరణాలు తగిలి ట్రిటియం, అంటే రేడియోయాక్టివ్ హైడ్రోజన్, పుడుతుంది. పైగా సోడియం అయొడైడ్ గాలిలో తేమ పీల్చి పాడైపోతుంది, పొడి నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్స్‌లోనే ముట్టుకోవాలి.

డామా బలం ఇక్కడే. వాళ్ళ 25 క్రిస్టల్స్, ఒక్కోటి 9.7 కిలోలు, మొత్తం 250 కిలోల దాకా, బ్యాక్‌గ్రౌండ్, అంటే మలినాల లాంటి వాటి వల్ల వచ్చే కౌంట్లు, రోజుకి కిలోకి కేఈవీకి ఒకటి దగ్గర. అనాయిస్, కొసైన్‌లో అది రెండు మూడు రెట్లు ఎక్కువ. అంత శుభ్రమైన క్రిస్టల్ చాలా ఏళ్ళు వేరే ఎవరూ పెంచలేకపోయారు, అందుకే డామాని చెక్ చెయ్యడానికి ఇంత ఆలస్యం అయింది.

అయినా చెక్ చేశారు. అనాయిస్ పిరనీస్ కొండల కింద కాన్‌ఫ్రాంక్‌లో, పాత రైల్వే సొరంగం పక్కన, తొమ్మిది క్రిస్టల్స్ 112.5 కిలోలు, 2017 ఆగస్టులో మొదలైంది. కొసైన్-100 కొరియాలో యాంగ్‌యాంగ్ దగ్గర, మన శ్రీశైలం ఎడమగట్టు లాంటి పంప్‌డ్ స్టోరేజీ కరెంటు కేంద్రం సొరంగాల్లో 700 మీటర్ల లోతున, 106 కిలోలు, 2016 నుంచి 2023 మార్చి దాకా. కొసైన్ మొత్తం డేటాతో డామా చెప్పిన ఊగడాన్ని మూడు సిగ్మా పైగా కొట్టేసింది, అనాయిస్ ఆరేళ్ళ డేటాతో నాలుగు సిగ్మా దగ్గరికి వచ్చింది. ఒకే మెటీరియల్, కాబట్టి "మీ కేంద్రకం వేరు మా కేంద్రకం వేరు" అనే వాదన ఇంక చెల్లదు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, డామా చూసింది డార్క్ మేటర్ కాదు.

పాత_లెక్చరర్:

అమ్మాయి చాలా బాగా రాసింది. అయితే చివరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవించను, కారణాలు చెప్తాను.

మొదటిది, క్వెంచింగ్. కేంద్రకం కదిలినప్పుడు వచ్చే వెలుగు, ఎలక్ట్రాన్ కదిలినప్పుడు వచ్చే వెలుగు కంటే చాలా తక్కువ. సోడియానికి ఆ నిష్పత్తి 0.3 అని డామా వాళ్ళు కొలిచారు, తర్వాత కొలిచినవాళ్ళకి 0.1 నుంచి 0.2 మధ్య వచ్చింది. ఇది నిజంగా క్రిస్టల్‌ని బట్టి మారే గుణమే అయితే డామాలో 2 కేఈవీగా కనపడేది ఇంకో క్రిస్టల్‌లో 1 కేఈవీ చిల్లరగా కనపడాలి, అప్పుడు ఒకే కిటికీ పెట్టి పోల్చడం తప్పు అవుతుంది. ఈ సందేహం తీరకుండా కొట్టిపారేయడం న్యాయం కాదు కదా.

రెండోది, డామా మీద వచ్చిన పెద్ద విమర్శ ఏమిటంటే వాళ్ళు ప్రతి ఏడాదీ డేటాలోంచి ఆ ఏడాది సగటుని తీసేసి మిగిలినదాన్ని చూపిస్తారు, బ్యాక్‌గ్రౌండ్ ఏళ్ళ తరబడి మెల్లగా మారుతుంటే ఈ తీసివేతే రంపం పళ్ళ లాంటి ఆకారాన్ని పుట్టిస్తుంది, దాన్ని అల లాంటి ఊగడం అనుకుంటున్నారు అని. విమర్శ సరైనదే. కొసైన్ వాళ్ళు తమ డేటా మీద అదే పద్ధతి వేసి చూస్తే నిజంగానే ఊగడం వచ్చింది. కానీ ఉల్టా ఫేజ్‌లో, అంటే డామాలో పెరిగే నెలల్లో తగ్గుతూ, వచ్చింది బాబూ! తగ్గుతున్న బ్యాక్‌గ్రౌండ్‌తో డామా ఫేజ్ రాదు. అది రావాలంటే డామాలో బ్యాక్‌గ్రౌండ్ ఏళ్ళ తరబడి పెరుగుతూ ఉండాలి, సీసం, రాగి కవచం లోపల మూసిపెట్టిన క్రిస్టల్‌లో ఎందుకు పెరుగుతుంది? దానికి జవాబు చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

నా కంప్లయింట్ వేరే ఉంది. డామా ముడి డేటా, ప్రతి ఈవెంటూ టైముతో సహా, మొదటి రోజు నుంచీ బయట పెట్టి ఉంటే ఈ చర్చ ఎప్పుడో ముగిసేది. తీసివేయని మొత్తం రేటు కాలంతో పాటు ఎలా పోతోందో ఒక్క గ్రాఫ్ చాలు. అనాయిస్ వాళ్ళు తమ డేటాని అందరికీ తెరిచి పెట్టారు, అది చూసి నాకు గౌరవం పెరిగింది. ముప్పై ఏళ్ళు ఒకే పని మీద కూర్చున్న డామా నాయకురాలు రీటా బెర్నబే బృందం పట్టుదల అంటే కూడా నాకు గౌరవమే, అందుకే మరీ బాధ.

సింటిలేటర్_అక్క:

మాస్టారూ, క్వెంచింగ్ పాయింట్ నిజమే, అందుకే కొసైన్ చివరి పేపర్‌లో రెండు రకాలుగానూ పోల్చారు. ఎలక్ట్రాన్ స్కేల్ మీద ఒకసారి, తర్వాత డామా 0.3 తీసుకుంటే సోడియం కేంద్రకానికి వచ్చే 6.7 నుంచి 20 కేఈవీ దాకా ఉన్న భాగాన్ని తమ క్వెంచింగ్‌తో మార్చుకుని ఇంకోసారి. రెండింట్లోనూ ఊగడం లేదు. ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

పెరిగే బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు వస్తుంది అన్నదానికి మాత్రం మీరన్నది ఒప్పుకుంటాను, నాకు నచ్చే జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. కానీ "డామా సిగ్నల్‌కి కారణం తెలియదు", "డామా సిగ్నల్ డార్క్ మేటర్" ఈ రెండూ ఒకటి కావు కదండీ.

ఎమ్మెస్సీ_వైజాగ్:

అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఆ రంపం పళ్ళ విషయం నాకు అసలు ఎక్కడా దొరకలేదు. మరి సీజన్ సంగతి? ఎండాకాలం చలికాలం వల్ల కాదు అని ఎలా తేలుస్తారు?

సింటిలేటర్_అక్క:

సీజన్ వల్ల మారేవి గ్రాన్ సాసోలో ఉన్నాయి. వేసవిలో పై వాతావరణం వేడెక్కి పలచబడుతుంది, కాస్మిక్ కిరణాల వల్ల అక్కడ పుట్టే పయాన్లనే కణాలు దేన్నీ గుద్దకుండా మ్యువాన్లుగా విచ్ఛిన్నమయ్యే అవకాశం పెరుగుతుంది, అందుకని కొండ కింద మ్యువాన్లు కూడా ఏడాదికోసారి ఒకటిన్నర శాతం దాకా ఊగుతాయి. కాకపోతే వాటి గరిష్ఠం జూన్ చివర, జూలై మొదట్లో వస్తుంది, డామాది మే చివర. అదీకాక గంటకి చదరపు మీటరుకి ఒకటి లెక్కన వచ్చే మ్యువాన్లు డామా ఊగడానికి సరిపడా ఈవెంట్లు ఇవ్వలేవు. టెంపరేచర్, రాడాన్, నైట్రోజన్ ప్రెషర్ ఇవన్నీ డామా వాళ్ళు రికార్డ్ చేసి చూపించారు.

దీన్ని ఇంకా గట్టిగా తేల్చే దారి దక్షిణార్ధగోళం. అక్కడ జూన్ అంటే చలికాలం. డార్క్ మేటర్ అయితే అక్కడ కూడా గరిష్ఠం జూన్‌లోనే రావాలి, సీజన్ వల్ల అయితే డిసెంబర్‌కి తిరిగిపోవాలి. ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలో స్టావెల్ బంగారు గనిలో 1025 మీటర్ల లోతున 2022లో ల్యాబ్ తెరిచారు, సేబర్ సౌత్ అనే సోడియం అయొడైడ్ ఎక్స్‌పెరిమెంట్ కోసమే. సేబర్ నార్త్ గ్రాన్ సాసోలోనే. వీళ్ళు పెంచిన ఒక క్రిస్టల్‌లో పొటాషియం 4 పీపీబీ దగ్గరికి వచ్చింది, డామా కంటే తక్కువ! మీ సెమినార్‌లో ఇది తప్పకుండా పెట్టు.

సడ్‌బరీ_నుంచి:

నేను కెనడాల ఉంటా, సొంతూరు కరీంనగర్ పక్కన. సోడియం అయొడైడ్ మీదనే చర్చ అంతా నడుస్తుంది కాబట్టి ఇంకో రకం క్రిస్టల్స్ గురించి కూడా చెప్త, ఎందుకంటే డామా సమస్యకి అసలు విరుగుడు నా లెక్కల అదే.

సోడియం అయొడైడ్‌ల ఒక్క వెలుగే కనపడతది, గుద్దింది కేంద్రకాన్నా ఎలక్ట్రాన్‌నా అని అంత తక్కువ శక్తి దగ్గర విడదీయలేము. జర్మేనియం, సిలికాన్ క్రిస్టల్స్‌ని సున్నా కెల్విన్‌కి పైన డిగ్రీల వందో వంతు దగ్గరికి చల్లబరిస్తే ఒక్క దెబ్బ తగిలినా వచ్చే కంపనం, మేము ఫోనాన్ అంటం, దాన్ని క్రిస్టల్ మీద అతికించిన సన్నని సూపర్ కండక్టర్ ఫిల్మ్ పట్టుకుంటది. దాంతోపాటు ఎంత చార్జ్ విడుదలైందో కూడా కొలుస్తరు. గామా వచ్చి ఎలక్ట్రాన్‌ని కొడితే చార్జ్ ఎక్కువ, కేంద్రకాన్ని కొడితే తక్కువ. రెండు కొలతలు కలిపి చూస్తే ఏది ఏందో తెలిసిపోతది. అమెరికాల సౌడన్ ఇనుప గనిల సీడీఎంఎస్ అనే ఎక్స్‌పెరిమెంట్ చేసింది ఇదే, 2009ల రెండు ఈవెంట్లు వచ్చినయని, 2013ల సిలికాన్‌ల మూడు వచ్చినయని చెప్పిన్రు, కానీ దొరికింది అని మాత్రం అనలే. ఆ నిగ్రహం నాకు చాలా నచ్చుతది. ఇప్పుడు సూపర్ సీడీఎంఎస్ ఇక్కడ సడ్‌బరీ దగ్గర నికెల్ గనిల, రెండు కిలోమీటర్ల లోతున ఉన్న స్నోల్యాబ్‌ల. జర్మేనియం డిటెక్టర్ ఒక్కోటి 1.4 కిలోలు, సిలికాన్‌ది 0.6 కిలో, మొత్తం 24.

కిందికి పోవాలంటే గనిల పనిచేసేటోళ్ళతో పాటే కేజ్‌ల దిగాలె, దిగినంక సొరంగంల నడవాలె, ల్యాబ్ గడప దగ్గర గని బట్టలన్నీ విడిచి స్నానం చేసి శుభ్రమైన డ్రెస్ వేసుకోవాలె. గని దుమ్ముల యురేనియం, థోరియం ఉంటయి, చిటికెడు పోయినా చాలు ఏండ్ల పని పాడైతది. గని కంపెనీ పనోళ్ళు మాకు చేసే సాయం ఎంత అని చెప్పలేను, వాళ్ళు లేకుంటే ఒక్క సీసం ఇటుక కూడా కిందికి పోదు.

ఇంకో విషయం తప్పకుండా చెప్పాలె. గ్రాన్ సాసోలనే క్రెస్ట్ అని ఉన్నది, కాల్షియం టంగ్‌స్టేట్ క్రిస్టల్, 24 గ్రాములే, కానీ 30 ఈవీ దాకా కిందికి చూస్తది, కిలో ఈవీ కాదు, ఈవీ! ప్రోటాన్ కంటే తేలికైన డార్క్ మేటర్‌ని కూడా వెతకగలిగేది అందుకే. వీళ్ళకి తొలి రోజులల్ల నీలమణి క్రిస్టల్స్‌తో చేసేటప్పుడు ఎక్కడి నుంచో బోలెడు ఈవెంట్లు వస్తున్నయి, ఏ రేడియోయాక్టివిటీకి సరిపోవట్లే. చివరికి చూస్తే క్రిస్టల్‌ని గట్టిగ బిగించిన దగ్గర సన్నని పగుళ్ళు పడుతున్నయి, ఒక్కో పగులు ఒక్కో ఈవెంట్! పట్టు మార్చంగనే తగ్గిపోయినయి. ఆ పగుళ్ళ డేటా మీద వేరే పేపర్ కూడా వచ్చింది, భూకంపాల లెక్కలకి ఉండే లాంటి సూత్రమే దానికీ సరిపోయిందట. ఇప్పుడు మళ్ళీ అందరికీ, క్రెస్ట్ గానీ సీడీఎంఎస్ గానీ, కొన్ని వందల ఈవీ కింద లెక్కకి మించి ఈవెంట్లు వస్తున్నయి, డిటెక్టర్‌ని చల్లబరిచినంక రోజులు గడుస్తుంటే అవి తగ్గుకుంట పోతున్నయి. డార్క్ మేటర్ అయితే ఎందుకు తగ్గుతది? క్రిస్టల్‌ల, అతికించిన ఫిల్మ్‌ల మిగిలిపోయిన ఒత్తిడి మెల్లగ విడుదలైతున్నదని ఎక్కువ మంది అనుమానం. తమ్మీ, పీహెచ్‌డీకి టాపిక్ కావాలంటే ఇది పట్టుకో, ఫిజిక్స్ నిజంగ ఇక్కడున్నది.

అన్నట్టు కొసైనస్ అని ఒకటి వస్తున్నది, సోడియం అయొడైడ్‌నే ఇట్ల చల్లబరిచి వెలుగూ వేడీ రెండూ కొలుస్తరు. డామా వాడిన పదార్థంలనే, కేంద్రకమా ఎలక్ట్రానా అని విడదీసి చూసేది అదే. నేను ఎక్కువ ఎదురుచూసేది దానికోసమే.

కుప్పం_సైన్స్_టీచర్:

అన్నా, మీరు గని కార్మికుల గురించి రాసింది చదివి ఆగలేక రాస్తున్నా. మా కుప్పానికి దగ్గర్లోనే కోలార్ బంగారు గనులు. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే కణాలని ప్రపంచంలో మొట్టమొదట చూసిన డిటెక్టర్లలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆ గనిలో, రెండు కిలోమీటర్లకి పైగా లోతున పెట్టినది ఒకటి. 2001లో గని మూసేశారు, లోపల నీళ్ళు నిండిపోయాయి. ప్రపంచంలోనే అంత లోతైన చోటు మన పక్కన ఉండి కూడా పోయింది. మా పిల్లలకి ఈ కథ చెప్తే సగం మంది నమ్మరు.

ఇప్పుడు మన దేశంలో ఎక్కడ చేస్తున్నారో కూడా తమ్ముడికి చెప్పండి ఎవరైనా.

సడ్‌బరీ_నుంచి:

చెప్త మేడమ్. జార్ఖండ్‌ల జాదూగూడ యురేనియం గనిల 555 మీటర్ల లోతున 2017ల ల్యాబ్ తెరిచిన్రు, కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నడుపుతరు. అక్కడ ఎక్కువ పని క్రిస్టల్స్‌తో కాదు, మరిగే ఉష్ణోగ్రత దాటినా మరగకుండ ఉంచిన ద్రవం బిందువులతోని, పార్టికిల్ తగిలితే బిందువు బుడగ అయితది. ఇంక భువనేశ్వర్‌ల ఉన్న నైజర్ అనే సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సూపర్ సీడీఎంఎస్‌ల మెంబర్లు, ఇక్కడికి రావాలంటే అది ఒక సూటి దారి. తమిళనాడుల తేని దగ్గర ఐఎన్‌ఓ అనే న్యూట్రినో ల్యాబ్ కట్టి ఉంటే కిలోమీటరు రాయి కింద మనకి పెద్ద చోటు దొరికేది, అది ముందుకు సాగలే.

ఎమ్మెస్సీ_వైజాగ్:

ఇంత దొరుకుతుందని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సెమినార్ మొత్తం డామా చుట్టూనే తిప్పేస్తాను, గైడ్ గారిని ఎలాగో ఒప్పిస్తా. చివరగా ఒక్కటి, నా అంతట నేను చేసి చూపించగలిగేది ఏదైనా ఉందా? క్రిస్టల్ మా డిపార్ట్‌మెంట్‌లో రెండు అంగుళాల సోడియం అయొడైడ్ ఒకటుంది కానీ దాంతో ఇది కాదు కదా.

పాత_లెక్చరర్:

దాంతో పొటాషియం 1461 పీక్ తప్పకుండా చూడొచ్చు. కిలో పొటాషియం క్లోరైడ్ ఎరువుల షాపులో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పేరుతో దొరుకుతుంది, పక్కన పెట్టి ఒక రాత్రి కౌంట్ చెయ్యి. పీక్ ఎంత పెద్దదిగా వస్తుందో స్లైడ్‌లో పెట్టి, ఇలాంటి పొటాషియాన్ని వంద కోట్లలో కొన్ని పాళ్ళకి తగ్గించాలి అని చెప్తే వినేవాళ్ళకి కష్టం ఏంటో తెలుస్తుంది.

రెండోది కంప్యూటర్ మీద. పైథాన్‌లో ఊగడం అసలే లేని డేటా తయారుచెయ్యి, బ్యాక్‌గ్రౌండ్ ఏడేళ్ళలో మెల్లగా తగ్గేలా ఒకటి, మెల్లగా పెరిగేలా ఒకటి. ప్రతి సైకిల్ సెప్టెంబర్‌లో మొదలవుతుందనుకుని ఆ ఏడాది సగటు తీసెయ్యి, మిగిలినదానికి ఏడాది పీరియడ్ ఉన్న కొసైన్ అల (గణితంలోది, కొరియా గ్రూపు కాదు) ఫిట్ చెయ్యి. తగ్గేదానికి గరిష్ఠం డిసెంబర్ దగ్గర వస్తుంది, పెరిగేదానికి జూన్ దగ్గర. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టు. కోడ్ రాయడంలో ఎక్కడైనా ఆగితే ఇక్కడే పెట్టు బాబూ, చూస్తాను.